ఫ్రెంచి ఓడలు విశాఖ ఒడ్డుదాకా ఎందుకు రాలేదు?

సముద్రం మీద, రేవుల మీద మీరు పంపే ప్రశ్నలకు ఈ పేజీలో జవాబులు రాస్తున్నాను. పోర్టులో నీటి లోతు కొలిచే సర్వే విభాగంలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందుకే ఏ ఓడ కథ విన్నా నా మనసు ముందు దాని అడుగున ఎన్ని బారల నీళ్లున్నాయన్న దాని మీదికే పోతుంది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి. వాటికే ఈసారి చోటిస్తున్నాను.

ప్రశ్న: రోజూ ఆర్కే బీచ్‌లో వాకింగ్‌కి వెళ్తాను. అక్కడ కలిసే ఒక పెద్దాయన, 1804లో ఈ నీళ్లలోనే ఫ్రెంచివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ ఓడలతో కొట్టుకున్నారని చెప్పారు. మూడు ఫ్రెంచి ఓడలు వచ్చి కూడా ఒక్క ఇంగ్లీషు ఓడను పట్టుకోలేకపోయాయట. నిజమేనా? నిజమైతే ఎందుకలా జరిగింది? మా అబ్బాయికి చెప్తే నమ్మడం లేదు.
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: నిజమేనమ్మా. 1804 సెప్టెంబరు నెల నడిమిలో జరిగింది. మీ అబ్బాయిని ఒకసారి బీచ్‌కి తీసుకెళ్లి, డాల్ఫిన్ నోస్ కొండ వైపు చూపిస్తూ చెప్పండి, నమ్ముతాడు.

అయితే ముందుగా ఇవాళ మీకు కనిపించే పోర్టును కళ్ల ముందు నుంచి తీసేయాలి. లోపలి హార్బరు 1933లో వచ్చింది, బయటి హార్బరు 1976లో. 1804లో కెరటాలను ఆపే బ్రేక్‌వాటర్ లేదు, క్రేన్ లేదు, ఓడ ఆనుకుని నిలబడే గట్టే లేదు. పెద్ద ఓడలన్నీ బయట సముద్రంలోనే లంగరేసుకునేవి. సరుకైనా మనిషైనా ఒడ్డు చేరాలంటే మన జాలర్ల పడవలే దిక్కు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో విశాఖపట్నం రేవు అని రాసుకున్నది ఈ తెరిచి ఉన్న నీళ్లనే.

ఇక ఓడల సంగతి. 1803 మేలో ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మళ్లీ యుద్ధం మొదలైంది. హిందూ మహాసముద్రంలో ఫ్రెంచి నౌకాదళానికి పెద్ద అడ్మిరల్ లిన్వా. మారిషస్‌ను స్థావరం చేసుకుని, ఈస్టిండియా కంపెనీ వర్తకపు ఓడలను దారికాచి పట్టుకోవడం ఆయన పని. ఆ సెప్టెంబరులో మన కోస్తా వెంట పైకి వస్తూ బందరు దాకా వచ్చేసరికి, విశాఖ ఎదుట రెండు వర్తకపు ఓడలున్నాయనీ, వాటికి కాపలాగా ఒక్క చిన్న ఫ్రిగేటే, అంటే తేలికపాటి యుద్ధనౌకే, ఉందనీ ఆయనకు తెలిసింది. నైరుతి గాలి వెనక నుంచి తోస్తోంది. బందరు నుంచి విశాఖకు రావడానికి అంతకన్నా మంచి గాలి దొరకదు.

వచ్చి చూస్తే కాపలా ఉన్నది ఫ్రిగేటు కాదు. దాని బదులు సెంచూరియన్ అనే 50 ఫిరంగుల యుద్ధనౌకను పంపారు. వయసు మళ్లిన ఓడే, కానీ గట్టిది. లిన్వా దగ్గర 74 ఫిరంగుల మరెంగో, 40 ఫిరంగుల అతలాంత్, 36 ఫిరంగుల సెమియాంత్ ఉన్నాయి. మొత్తం 150 ఫిరంగులకు ఎదురుగా 50. పైగా ఆ పొద్దున సెంచూరియన్ కెప్టెన్ లిండ్ ఓడలో లేడు, పని మీద ఒడ్డున ఉన్నాడు. ఓడ ఫిలిప్స్ అనే లెఫ్టినెంటు చేతిలో ఉంది.

పోరు ఉదయం మొదలై మధ్యాహ్నం దాకా సాగింది. బర్నబాస్ అనే వర్తకపు ఓడ తప్పించుకోబోయి ఒడ్డుకేసి వెళ్లి, కెరటాల్లో పడి పగిలిపోయింది. ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండోది ఫ్రెంచివాళ్లకు చిక్కింది. సెంచూరియన్ లంగరు మోకు తెగింది. తెరచాపలు, తాళ్లు చిల్లులు పడి పీలికలయ్యాయి. పోరు మధ్యలోనే లిండ్ కెరటాలు దాటి ఓడెక్కగలిగాడు. ఆయన ఓడను కొంచెం జరిపించి, కెరటాలు విరిగే చోటికి కాస్త బయట మళ్లీ లంగరేయించాడు. అక్కడికి ఒడ్డు మీది ఫిరంగుల అండ కూడా అందదు.

ఇక్కడే అసలు విషయం ఉంది. దెబ్బతిని, కదల్లేని ఓడ ఒకటి లంగరు మీద నిలబడి ఉంది. మరెంగో దగ్గరకు వచ్చి పక్కన నిలబడి కాలిస్తే దాని పని అయిపోయినట్టే. కానీ లిన్వా రాలేదు. మైలు దూరంలో లంగరేసుకుని అక్కడి నుంచే కాల్చాడు. అంత దూరానికి సెంచూరియన్‌లోని పొట్టి ఫిరంగులు అందవు, పొడవైనవే అందుతాయి. అదే దూరం మరెంగోకీ అడ్డమే, ఊగే ఓడ మీది నుంచి మైలు దూరంలోని గురి ఎంతకని తగులుతుంది? చాలాసేపు అలా కాల్చుకున్నాక మరెంగోకి కూడా దెబ్బలు తగిలాయి. లిన్వా ప్రిన్సెస్ షార్లెట్‌ను తీసుకుని బయట సముద్రంలోకి వెళ్లిపోయాడు. చిరిగిన చాపలతోనే సెంచూరియన్ కాసేపు వెంటపడింది కానీ అందుకోలేకపోయింది.

ఎందుకు రాలేదంటే, లోతు. ఇది అర్థం కావాలంటే నా ఉద్యోగంలోని మొదటి ఏడాది సంగతి ఒకటి చెప్పాలి.

1978లో చేరాను. అప్పటికే లాంచీలో లోతు చూపించే మిషన్ ఉండేది, కాగితం మీద గీత గీసుకుంటూ పోయేది. అయినా మా ఖలాసీ ఒకాయన సీసపు గుండు ఎప్పుడూ పక్కనే పెట్టుకునేవాడు. మూరెడు పొడవుండే సీసపు గుండు, పైన తాడు, తాడుకు బారకొక గుర్తు. గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది, అందులో జంతువుల కొవ్వు మెత్తగా కూరతారు. గుండు అడుగు తగిలి పైకి వచ్చినప్పుడు ఆ కొవ్వుకు అడుగున ఏముంటే అది అంటుకుని వస్తుంది. ఇసుకా, బురదా, గవ్వల ముక్కలా అన్నది వేలితో తాకి చూడొచ్చు. ఒకరోజు, తుఫాను పోయిన వారానికి, చార్టులో ఆరు మీటర్లు రాసి ఉన్న చోట మా లాంచీ సన్నగా కొట్టుకుంటూ వెళ్లింది. నేను చార్టు పట్టుకుని తప్పు ఎక్కడుందా అని చూస్తున్నాను. ఆయన గుండు జారవిడిచి, పైకి లాగి, కొవ్వును నా ముఖం ముందు పెట్టాడు. సన్నటి తెల్ల ఇసుక, కొత్తగా వచ్చింది.

"కాయితం మీద లోతు నిన్నటిది బావూ. దీనికంటుకొచ్చిందే ఇవాల్టిది" అన్నాడు.

మన తీరంలో ఇసుక నిలబడి ఉండదు. నైరుతి కాలమంతా కెరటాలు దాన్ని ఉత్తరం వైపు నడిపిస్తాయి. గాలి మారాక కొంత వెనక్కి తెస్తాయి. మొత్తం మీద చూస్తే ఉత్తరం వైపు పోయేదే ఎక్కువ. పోర్టు కట్టాక ఆ ఇసుక దక్షిణాన ఆగిపోతుంటే, దాన్ని తవ్వి తెచ్చి మీ ఆర్కే బీచ్‌లో పోయాల్సి వస్తోంది. మీరు నడిచే ఇసుకలో కొంత అలా వచ్చిందే.

లిన్వా చేతిలో అలాంటి ఇవాల్టి లెక్క లేదు. 74 ఫిరంగుల ఓడ నీళ్లలో ఏడు మీటర్ల దాకా దిగి ఉంటుంది, అంటే నాలుగు బారలకు దగ్గర. సెంచూరియన్ అంత లోతు అక్కర్లేని ఓడ. అది నిలబడ్డ చోటికి మరెంగో వెళ్లగలదన్న నమ్మకం లేదు. వెళ్లి ఇసుకలో కూరుకుపోతే? మన దగ్గర పోటూ పాటూ మధ్య తేడా మీటరున్నర, అదీ అమావాస్యకీ పున్నానికీ. మళ్లీ పోటొస్తే ఓడ తేలుతుందిలే అని ధైర్యం చేసే తీరం కాదిది. సెప్టెంబరులో నైరుతి ఇంకా పూర్తిగా సద్దుమణగదు. ఇసుకలో కూర్చున్న ఓడను ప్రతి కెరటం ఎత్తి కుదేస్తుంది. బర్నబాస్ అలాగే ముక్కలైంది. అది లిన్వా కళ్ల ముందే జరిగింది.

బాగు చేసుకోవడానికి దగ్గర్లో చోటు కూడా లేదు. పుదుచ్చేరి అప్పటికే ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉంది, యానామూ అంతే, సింహళంలోని ట్రింకోమలీ కూడా అంతే. ఒక కొయ్య విరిగినా మారిషస్‌కే పోవాలి. అయిదు వేల కిలోమీటర్లకు దగ్గర.

లిన్వాకు అప్పటికే ఒక చెడ్డపేరుంది. అదే ఏడాది ఫిబ్రవరిలో మలయా దగ్గర పులో ఔరా దీవి ఎదుట చైనా నుంచి వస్తున్న కంపెనీ వర్తకపు ఓడలు యుద్ధనౌకల జెండాలు ఎగరేసి నిలబడితే, నిజంగానే యుద్ధనౌకలనుకుని ఆయన వెనక్కి తగ్గాడు. నెపోలియన్‌కు చాలా కోపం వచ్చింది. విశాఖ తర్వాత మారిషస్ గవర్నరు దెకాఁ కూడా గట్టిగా తప్పుపట్టాడు. చాలామంది ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి పిరికివాడని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. పులో ఔరా దగ్గర ఆయన మోసపోయాడు, అది వేరు. విశాఖ దగ్గర మాత్రం తెలియని ఇసుక మీదికి ఏడు మీటర్ల ఓడను తోలనన్నాడు. ఆయన స్థానంలో లోతు తెలిసిన మనిషి ఎవరున్నా అదే అంటాడు. తప్పంటూ ఉంటే అది ముందే జరిగింది. చిన్న ఓడల్ని ముందుకు పంపి, అవి గుండు వేసుకుంటూ దారి చూపిస్తుంటే వెనక తాను కదలడానికి కావాల్సిన వ్యవధిని ఆయన పెట్టుకోలేదు. ఇంకో ఇంగ్లీషు నౌకాదళం ఎక్కడి నుంచి ఊడిపడుతుందో అన్న టెన్షన్ ఆయనకు ఎప్పుడూ ఉండేది.

లిండ్‌కు ఆ రోజు పోరుకు సర్ బిరుదు వచ్చింది. లిన్వా 1806 మార్చిలో మరెంగోతో సహా ఇంగ్లీషువాళ్లకు చిక్కి, 1814 దాకా ఖైదీగా ఉండిపోయాడు.

ప్రశ్న: రేవే లేని ఊరి కోసం ఇంత గొడవ ఎందుకండీ? అప్పుడు విశాఖలో వాళ్లకు కావాల్సింది ఏముంది?
– డిగ్రీ విద్యార్థి, అనకాపల్లి

జవాబు: బట్ట. ఇంగ్లీషు కంపెనీ 1680లలో ఇక్కడ కొట్టు పెట్టింది కూడా దానికోసమే. ఈ చుట్టుపక్కల నేతగాళ్ల ఊళ్లలో నేసిన బట్టను పంజాల లెక్కన కొనేవారు. పంజమంటే పడుగులో, అంటే నిలువు దారాల్లో, 120 పోగులు. అదే వెడల్పులో పంజాలు పెరిగేకొద్దీ బట్ట సన్నం, ధర ఎక్కువ. మీ తాతల నాటి ఇంట్లో నేతపని ఉండి ఉంటే ఈ మాట ఇంకా వినబడుతుంది, అడిగి చూడండి.

ఒక ఓడను పట్టుకుంటే అందులోని సరుకంతా పట్టుకున్నవాడిది. ఓడ కూడా వాడిదే. ఆ డబ్బులో నావికుల దాకా వాటాలు పంచేవారు. కాబట్టి లిన్వా విశాఖ ఊరిని పట్టుకోవడానికి వచ్చాడనుకోకండి. ఊరి ఎదుట నిలబడ్డ ఓడల కోసం వచ్చాడు. ఊరి కోసం జరిగిన పోరు అంతకు ముందు తరంలోది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ విశాఖను తీసుకున్నాడు. మరుసటి ఏడాదే విజయనగరం ఆనంద గజపతి రాజు ఫ్రెంచివాళ్లను వెళ్లగొట్టి ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు.

ప్రశ్న: మా బందరు ఎదుట కూడా ఇలాంటి ఓడల పోరు జరిగిందా? మా నాన్నగారు జరిగిందనేవారు. మచిలీపట్నం కోట దగ్గర డచ్చి సమాధులు చూపిస్తూ చెప్పేవారు.
– ఒక బ్యాంకు ఉద్యోగి, మచిలీపట్నం

జవాబు: మీ నాన్నగారి మాట నిజం. 1673లో డచ్చి, ఇంగ్లీషు కంపెనీల ఓడలు బందరు తీరంలో కొట్టుకున్నాయి. డచ్చివాళ్లు గెలిచారు.

నాకు మాత్రం బందరు అనగానే 1759 గుర్తొస్తుంది. ఆ మార్చిలో ఇంగ్లీషు కంపెనీ కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల చేతిలోని కోటను ముట్టడించాడు. లోపల ఉన్నవాళ్లు బయట ఉన్నవాళ్లకన్నా ఎక్కువ. ఫోర్డ్ దగ్గర డబ్బు లేదు, మందుగుండు అయిపోవస్తోంది, ఫ్రెంచివాళ్లకు సాయంగా నిజాం సలాబత్ జంగ్ సైన్యం ఇంకోవైపు నుంచి వస్తోంది. ఏప్రిల్ 7 అర్ధరాత్రి, కోట కందకంలో పాటు వచ్చి నీళ్లు తగ్గే వేళ చూసుకుని లోపలికి దూరాడు. తెల్లారేసరికి కోట ఆయనది. వారం తిరిగేసరికి సముద్రంలో రెండు ఫ్రెంచి ఓడలు కనిపించాయి. కోటకు సాయంగా వందల మంది సైనికులను ఎక్కించుకుని వచ్చినవే. వచ్చేసరికి కోట మీద వేరే జెండా ఉంది. తిరిగి వెళ్లిపోయాయి.

అవి ఒక్క వారం ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదని చాలాసార్లు అనుకున్నాను. బందరు తీరం విశాఖకన్నా చదును, బురద ఎక్కువ. పెద్ద ఓడ ఒడ్డుకు చాలా దూరంలో ఆగిపోవాలి. అన్ని వందల మందినీ తుపాకులతో, సామానుతో పడవల్లో దించాలి. ఆ పడవలు ఒడ్డు నుంచి ఎవరో తేవాలి. ఓడ వచ్చినంత మాత్రాన సాయం వచ్చినట్టు కాదు మన కోస్తాలో.

ప్రశ్న: 1804లో పగిలిపోయిన బర్నబాస్ ఓడ ఇంకా ఇసుక కింద ఉంటుందా? కెప్టెన్ లిండ్ పోరు మధ్యలో ఓడ ఎలా ఎక్కాడు? మా తాత మసూలా పడవలు కుట్టేవాడు, అందుకే అడుగుతున్నాను.
– ఒక పాఠకుడు, జాలరిపేట

జవాబు: ముందు బర్నబాస్ సంగతి. కెరటాలు విరిగే చోట పడిన చెక్క ఓడ ఎక్కువ కాలం ఓడగా ఉండదు. కొయ్యలు, పలకలు ఒడ్డుకు కొట్టుకొస్తాయి, వాటిని మనుషులు ఇళ్లకు మోసుకుపోతారు. ఇనుప ముక్కలు, రాగి రేకులు, బరువు కోసం అడుగున వేసిన రాళ్లు మాత్రం కూరుకుపోతాయి. రెండు వందల ఏళ్ల ఇసుక వాటి మీదుగా ఉత్తరానికీ దక్షిణానికీ నడిచింది. బీచ్ వెడల్పు కూడా ఎన్నోసార్లు మారింది.

లిండ్ గురించి మీరడిగిన ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది. నేను చదివిన చోటల్లా ఆయన తిరిగి ఓడెక్కాడన్న ఒక్క ముక్కే ఉంది. కానీ ఈ తీరం కెరటాలు దాటి వెళ్లడం ఇంగ్లీషు ఓడల సొంత పడవలకు చాలా కష్టం. మేకులు కొట్టిన పడవ బిగుతుగా ఉంటుంది, కెరటం ఎత్తి ఇసుక మీద వేస్తే పలకలు విడిపోతాయి. మీ తాతగారి పడవలో మేకు ఉండదు. పలకకూ పలకకూ మధ్య పీచు పెట్టి, కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. దెబ్బ తగిలితే పడవంతా కొంచెం వంగి, మళ్లీ సర్దుకుంటుంది. చిన్నప్పుడు మా పక్కూరి ఒడ్డున అలాంటి పడవలో కూర్చున్నాను. కెరటం కిందికి వచ్చినప్పుడు నా కాళ్ల కింద పలకలు ఊపిరి తీసుకున్నట్టు కదిలాయి. కుట్ల సందుల్లోంచి నీళ్లు సన్నగా చిమ్ముతుంటే, ఒకబ్బాయి డొప్పతో తోడిపోస్తూనే ఉన్నాడు. వెనక నిలబడ్డ తండేలు కెరటాలు లెక్కపెడుతున్నాడు. పెద్దవి వరసగా పోయేదాకా ఆగి, ఒక్కసారి కేక వేశాడు. అందరూ తెడ్లు ఒకేసారి దించారు.

ఆ పొద్దున లిండ్‌ను ఓడ దాకా చేర్చడానికి అటువంటి పడవా, అటువంటి చేతులూ కావాలి. బయట గుండ్లు పడుతున్నాయి. తెడ్డు పట్టినవాళ్ల చేతిలో ఆయుధం ఉండదు. ఫ్రెంచివాళ్లతో వాళ్లకు పగ కూడా లేదు.

మీకు ఒక మనవి. మీ తాతగారు ఆ కుట్టుకు వాడిన ముడుల పేర్లు, పీచు నానబెట్టే పద్ధతి, కెరటాలకు ఆయన వాడిన పేర్లు మీ ఇంట్లో ఇంకా ఎవరికైనా గుర్తుంటే అడిగి, వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. ఫోన్‌లో రికార్డు చేసి పంపినా సరే, నేను రాసుకుంటాను. వచ్చే నెల ఈ పేజీ మొత్తం దానికే ఉంచుతాను.